ధ్వనివర్ధక యంత్రము: వేడిమియు నాలస్యమును

నెల్లూరిలో స్వర్ణాల చెఱువు గట్టున, బారాషహీదు దర్గాకడ, ముహర్రము నెలలో జరుగు రొట్టెల పండుగకు లక్షలకొలది జనము వచ్చుట మన పాఠకు లెఱిగినదే. అంతటి సమూహమున తప్పిపోయిన బిడ్డ పేరును మైకులో పిలిచినప్పుడు, ఆ పిలుపు తల్లి చెవికి స్పష్టముగా తెలియవలెను. బిగ్గరగా వినబడిన చాలదు. పిలుపును చెఱచు కారణములలో రెండింటిని గూర్చి యిచట వ్రాయుచున్నాము.

మొదటిది ఆలస్యము. విద్యుత్సంకేతము తీగవెంబడి 70 మీటర్లు పోవుటకు సెకండులో పదిలక్షలవ వంతయినను పట్టదు. శబ్దమో, 30 డిగ్రీల వేడిమిగల గాలిలో సెకండునకు సుమారు 350 మీటర్లు మాత్రమే నడచును. కావున వేదికకడ నొక లౌడుస్పీకరును, 70 మీటర్ల దూరమున మఱియొకటియు కట్టినచో, వెనుకనున్నవారికి దగ్గఱిదాని మాట ముందు వినబడి, వేదిక మాట సెకండులో 5వ వంతు గడచిన పిదప వచ్చును. ‘రామయ్య’ యను పేరు ‘రారామమయ్యయ్య’ యగును! శబ్దమును హెచ్చించినచో నీ గందరగోళమే హెచ్చును. వెనుకదానికి పోవు సంకేతమును 200 మిల్లీసెకండ్లు నిలిపి పంపుటయే దీనికి మందు. డిజిటల్ యంత్రములతో నేడిది సులభము. మఱి 10, 15 మిల్లీసెకండ్లు చేర్చుట మేలు. ఏలయన, ఒకే శబ్దము స్వల్పవ్యవధిలో రెండుమార్లు వచ్చినచో చెవి మొదటిదాని దిక్కునే నమ్మునని జర్మనీ దేశీయుడగు హెల్ముట్ హాస్ 1949లో తన సిద్ధాంతవ్యాసమున చూపెను.

పగలు 40 డిగ్రీలున్న గాలి రాత్రికి 25 డిగ్రీలకు దిగినచో శబ్దవేగము తగ్గును. 70 మీటర్లకు వచ్చు భేదము 5 మిల్లీసెకండ్లే గాన నుపేక్షింపవచ్చును. 300 మీటర్లకు సుమారు 21 మిల్లీసెకండ్లగును. అప్పుడు సాయంకాలము మరల సరిచూడవలెను.

ఇక వేడిమి. “శబ్దము తగ్గించితిమి గదా, ఆంప్లిఫైయరు పెట్టె యేల కాలుచున్న”దని కొందఱడుగుదురు. ఇది మంచి ప్రశ్న. ‘బి’ తరగతి ఆంప్లిఫైయరు ఒకే స్థాయి స్వరమును 100 వాట్ల పూర్తిశక్తితో నిచ్చునప్పుడు, గణితము ప్రకారము, సుమారు 27 వాట్లు వేడిమిగా మాఱును. 40 వాట్లు మాత్రమే యిచ్చునప్పుడు వేడిమి 40 వాట్లగును! లౌడుస్పీకరునకు పోని వోల్టేజి ట్రాన్సిస్టరుమీదనే నిలిచియుండగా దానిగుండ కరెంటు ప్రవహించుటయే యిందులకు కారణము. ‘డి’ తరగతి యంత్రములందు ట్రాన్సిస్టర్లు స్విచ్చివలె పూర్తిగా తెఱచుచు మూయుచు నుండును గాన వేడిమి మిక్కిలి తక్కువ.

పుట్టిన వేడిమిని అల్యూమినియము రెక్కలు గాలికి అప్పగించును. రెక్కలు గాలికంటె 40 డిగ్రీలు హెచ్చుగా నుండుననుకొందము. 28 డిగ్రీల రాత్రి అవి 68 డిగ్రీలుండును. 42 డిగ్రీల యెండపూట 82కు చేరును. మితిమీఱినచో రక్షణసాధనము యంత్రమును ఆపివేయును, పిలుపు నడుమ తెగిపోవును. ఎండ తగులునని పెట్టెకు దుప్పటి కప్పుట మేము పలుచోట్ల చూచియున్నాము. దానివలన గాలి యాడక వేడిమి లోననే నిలుచును. పైన పందిరి వేసి, పెట్టెకు నలువైపుల జానెడు చోటు విడువవలెను. మైపాడువంటి సముద్రతీరములందు ఉప్పుతేమతో కూడిన దుమ్ము ఫ్యానుకును రెక్కలకును అంటుకొని గాలిని అడ్డును. అచట పనిచేసిన పిమ్మట కరెంటు తీసి, పెట్టె చల్లాఱిన తరువాత, మెత్తని పొడి కుంచెతో దానిని దులుపవలెను.