ఏరు అడిగిన బాలుడు

అరకు లోయ పరిసరములందలి గిరిజన ఆశ్రమ పాఠశాలలలో కొండదొర, ఖోండు, పోర్జ, గదబ, వాల్మీకి, కోటియా, భగత తెగల పిల్లలు ఒకే పంక్తిని కూర్చుండి భోజనము చేయుదురు. ఇండ్లలో మాటాడు భాషలు మాత్రము వేరు. తెగల నడుమ వ్యవహారమునకు ఆదివాసీ ఒరియా, పుస్తకమునకు తెలుగు.

వేరు తెగల పిల్లల నడుమ వేధింపు చాలమారు వెక్కిరింతతో మొదలగును. ఒక ఉదాహరణ ఊహింతము. ఇంట కొండ భాష మాటాడు బాలుడొకడు దాహమై 'ఏరు' అడిగెను. ఆ భాషలో ఏరు అనగా నీరు. తెలుగు వచ్చిన పిల్లలకు ఏరు అనగా నది. "ఏరంతా తాగుతావట్రా?" అని నవ్విరి. మరునాటికి అదియే వాని పేరు. వారము తిరుగకముందే వాడు తరగతిలో నోరు విప్పుట మానెను. ఉపాధ్యాయుడు మొద్దు అనుకొనెను. సెలవులకు ఊరికి పోయినవాడు మరల రాకున్న, బడి మానెనని రిజిష్టరున వ్రాసికొందురు. ఆ నవ్వు రిజిష్టరున చేరదు.

చిత్రమేమన, నవ్విన నోటి ఏరు, అడిగిన నోటి ఏరు పుట్టుకచే ఒకే మాట. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు కొండ భాషపై 1969లో ప్రత్యేక గ్రంథమే ప్రకటించిరి. అది తెలుగునకు తోబుట్టువు; ఖోండుల కువియు అంతే. గుతోబు గదబల భాష మాత్రము, సవరవలె, ముండా కుటుంబములోనిది.

గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో సవర నేర్చి, సవర పిల్లలకు వారి భాషలోనే వాచకములు వ్రాసి, బడులు పెట్టిరి. (వ్యావహారికమునకై పోరాడినవారిని గూర్చి ఇట్టి తెలుగున వ్రాయుట నాకే కొంత సిగ్గు.) ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2004లో కొండ, కువి, సవర, ఆదివాసీ ఒరియాలతో సహా 8 గిరిజన భాషలలో ప్రాథమిక బోధన ఆరంభమైనది. 2009 నాటి విద్యాహక్కు చట్టము బడిలో మానసిక వేధింపును నిషేధించినది. అయినను ఆ వాచకము కొండ భాష పిల్లలకే పరిమితమైనచో నవ్వు ఆగునని నాకు తోచదు. అందులోని పది మాటలు ప్రక్కన కూర్చున్న తెలుగు పిల్లవానికిని నేర్పవలెను.

మన తరగతుల సంగతి యేమి? ఉర్దూ ఇంటి భాషగా గల మిత్రుడు 'కళ్లు నొప్పి' అనబోయి 'కల్లు నొప్పి' అన్నచో వెనుక బెంచీలు ఘొల్లుమనును. ఉర్దూలో ళకారము లేదు. ఉర్దూ 'ఖాఫ్' పలుకలేని తెలుగు మిత్రునికిని ఇదే మర్యాద. ఆ మిత్రుడు ఈ యేడు తెలుగు వక్తృత్వ పోటీకి పేరు ఇచ్చెనా? కమిటీవారు ఆ జాబితా ఒకమారు చూడ ప్రార్థన.