కణజాలంలోనే కాపలా: టీఆర్‌ఎం కణాలు

వైరస్‌తో ఒకసారి పోరాడిన టీ-కణాల్లో కొన్ని రక్తంలో తిరుగుతూ ఉంటాయి. మరికొన్ని చర్మం, ఊపిరితిత్తులు, పేగుల్లోనే స్థిరపడిపోతాయి. వీటిని కణజాల నివాస జ్ఞాపక టీ-కణాలు, క్లుప్తంగా టీఆర్‌ఎం అంటారు.

అవి అక్కడే ఎలా నిలుస్తాయన్నదే అసలు విషయం. కణాన్ని కణజాలం నుంచి బయటికి నడిపించే గ్రాహకం ఎస్‌1పీఆర్‌1. దాన్ని ఈ కణాలపై ఉండే సీడీ69 అనే ప్రోటీన్ అణచివేస్తుంది. సీడీ103 అనే మరో ప్రోటీన్ ఉపకళా కణాలపై ఉండే ఈ-క్యాడ్హెరిన్‌ను పట్టుకుంటుంది.

వైరస్ మళ్లీ సోకితే రక్తం నుంచి సాయం అందేలోపే ఇవి ఇంటర్‌ఫెరాన్-గామాను విడుదల చేసి చుట్టుపక్కల కణాలను అప్రమత్తం చేస్తాయి. సోకిన కణాలను గ్రాంజైమ్‌లనే ఎంజైమ్‌లతో చంపగలవు. హెర్పిస్ పుండు మానిన చోట చర్మంలో చాలాకాలం ఉంటాయి. ఎలుకల ఊపిరితిత్తుల్లో మాత్రం ఫ్లూ తగ్గిన కొన్ని నెలలకే తరిగిపోతాయి.

వైరస్ సోకే చోటే ఇలాంటి కాపలా ఏర్పడవచ్చన్న ఆశ ముక్కు టీకాలపై ఆసక్తికి ఒక కారణం. హైదరాబాద్‌కు చెందిన భారత్ బయోటెక్ తయారుచేసిన ముక్కు కొవిడ్ టీకా ఇన్‌కొవాక్‌కు 2022 సెప్టెంబర్‌లో అత్యవసర అనుమతి దక్కింది.

టీఆర్‌ఎం సహా ఏ టీ-కణమైనా ముందు వైరస్ సోకిన కణాన్ని గుర్తించాలి. ఆ గుర్తించే తీరును కనుగొన్న పీటర్ డోహర్టీ, రోల్ఫ్ జింకర్‌నాగెల్‌లకు 1996లో వైద్య నోబెల్ లభించింది.