లెక్కలకు బెదరిన విద్యార్థి

జగదల్‌పూరు నుండి సుక్మా, కోంటాల మీదుగా భద్రాచలము వైపు వచ్చు రహదారిపై తోంగ్‌పాల్ అను ఊరు ఉన్నది. అది పూర్వము బస్తరు జిల్లాలోనిది. 2012 నుండి సుక్మా జిల్లాలో చేరియున్నది. ఆ ప్రాంతపు ఇండ్లలో ధుర్వా, గోండి, హల్బీ వినబడును. దక్షిణమునకు దిగిన కొలది తెలుగు వినబడును. బడిలో మాత్రము పాఠము హిందీలో జరుగును. ఇంట ఏ భాష మాటలాడు బిడ్డ అయినను అక్కడ గణితమును హిందీలోనే నేర్వవలెను, హిందీలోనే పరీక్ష వ్రాయవలెను. పదవ తరగతి వరకు గణితము నిర్బంధము. చరిత్రయందును భాషలయందును చక్కగా వ్రాసిన విద్యార్థి ఈ ఒక్కదానిలో తప్పిన యెడల, తక్కినవన్నియు నిలిచిపోయినట్లే అతనికి తోచును. ఇట్టి బిడ్డ ఏ ఊరనైనను కలడు. అయితే తోంగ్‌పాల్ వంటి చోట అతని కష్టమునకు గల కారణములు కొంత స్పష్టముగా కనబడును గనుక, దానిని ఆధారము చేసికొని ఈ సంగతిని విచారించుట మేలు.

మొదటి కారణము అంకెల పేర్లలోనే యున్నది. తెలుగులో ఇరువది దాటిన తరువాత పదుల పేరు చెప్పి ఒకట్ల పేరు చేర్చిన చాలును: యాభై తొమ్మిది, అరవై తొమ్మిది. హిందీలో నూటి వరకు ఇంచుమించు ప్రతి అంకెకు వేరొక మాట కలదు. 59ని ఉన్‌సఠ్ అందురు, 69ని ఉన్‌హత్తర్ అందురు, 79ని ఉన్యాసీ అందురు. వీటిలో వినబడునది రాబోవు పది. అరవైకి ఒకటి తక్కువ, డెబ్బదికి ఒకటి తక్కువ అని భావము. పోనీ అదే క్రమము సాగునా అనిన, 89 వద్దకు వచ్చుసరికి నవాసీ అని వేరొక త్రోవ పట్టును. తెలుగులో ఆలోచించు బిడ్డ ఉన్‌సఠ్ అని విని, అందులోని సఠ్ అను మాటను బట్టి అరవైలలోని అంకె వ్రాయును. తప్పు తెలిసికొని దిద్దుకొనులోపల ఉపాధ్యాయుడు మరుసటి పంక్తికి పోయియుండును. గోండి బిడ్డ స్థితియు ఇట్టిదే. రండ్, మూండ్, నాలుంగ్ అను వాని మాటలు మన రెండు, మూడు, నాలుగులకు చుట్టములే గాని బడిలోని దో, తీన్, చార్‌లకు కావు. వడ్డీ లెక్కలోను ఇదే చిక్కు. అసలును మూల్‌ధన్ అనియు వడ్డీని బ్యాజ్ అనియు తెలియనివానికి ఆ లెక్క రాలేదని చెప్పుట న్యాయము కాదు. వానికి ప్రశ్నయే అందలేదు.

అదే బిడ్డను వారపు సంతలో చూడవలెను. చింతపండో ఇప్పపువ్వో తూచి, ధర కట్టి, నూరు రూపాయల నోటుకు చిల్లర తప్పులేకుండ ఇచ్చును. ఇది కేవలము మనవారి అనుభవము కాదు. బ్రెజిలు దేశములోని రెసీఫే పట్టణములో వీధులలో సరకులమ్ము ఐదుగురు బాలబాలికలను ముగ్గురు పరిశోధకులు పరీక్షించి, ఆ ఫలితమును 1985లో ప్రకటించిరి. కొనుగోలుదారుల వలె వచ్చి అడిగినప్పుడు ఆ పిల్లలు నూటికి 98 లెక్కలు సరిగా చెప్పిరి. ఆ లెక్కలనే కాగితముపై ఉత్త అంకెలుగా ఇచ్చినప్పుడు నూటికి 37 మాత్రమే సరిపోయెను. బుద్ధి మారలేదు, పిల్లలు మారలేదు. లెక్కను అడిగిన తీరు మారినది. కావున తమ కుమారునికి లెక్కల తల లేదని నలుగురిలో చెప్పు తండ్రి, వానిని ఒకసారి అంగడికి పంపి చూచి పిమ్మట ఆ మాట అనవలెను.

రెండవ కారణము భయము. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రము కొరకు గణిత బోధనపై సిద్ధమైన పత్రము, ముఖ్య సమస్యలలో మొదటిదిగా పిల్లలలోని భయమును, ఓడిపోయితిమను భావమును పేర్కొనినది. భయము మనస్సును బాధించుటతో ఆగదు, లెక్కనే చెరచును. 47కు 38 కూడునప్పుడు ఏడును ఎనిమిదియు పదునైదు, ఐదు వేసి ఒకటి చేతిలో ఉంచుకొందుము. ఆ ఒకటిని ఉంచుకొనుటకు మనస్సులో ఒక చిన్న పలక వంటిది కలదు. దాని వైశాల్యము బహు తక్కువ. "తప్పిన యెడల నాన్న ఏమనును? తరగతిలో నవ్వుదురు గదా" అను తలంపులు ఆ పలకపైననే వ్రాయబడును. అప్పుడు చేతిలోని ఒకటికి చోటుండదు. ఆష్‌క్రాఫ్ట్, కిర్క్ అను అమెరికా పరిశోధకులు 2001లో చూపినది ఇదే. గణితమనిన బెదరువారికి, చేతిలో అంకె ఉంచుకొనవలసిన లెక్కలలోనే ఎక్కువ తొట్రుపాటు కలుగును. కొట్టి నేర్పింతుమనువారు ఇక్కడ గ్రహింపవలెను: బెత్తము ఆ పలకపై మరికొంత చోటును ఆక్రమించును, అంతకుమించి ఏమియు నేర్పదు.

మరి ఇంటివారు చేయదగినదేమి? ముందుగా బిడ్డ ఏ మెట్టు వద్ద జారెనో కనుగొనవలెను. పదవ తరగతిలో వర్గ సమీకరణము వచ్చును. గుణించిన 12, కూడిన 7 వచ్చు రెండు అంకెలను వెదకుమని అది అడుగును. మూడవ ఎక్కము నోటికి రానివాడు అక్కడ ఆగిపోవును. అందరును వానికి సమీకరణము రాలేదందురు. నిజమునకు రానిది చిన్న తరగతుల నాటి ఎక్కము. భిన్నములును ఇట్లే. పదవ తరగతి పుస్తకమును మూసి ఐదవ తరగతి పుస్తకమును తెరచుటకు పెద్దపిల్లవాడు సిగ్గుపడును. తమ్మునికి నేర్పుమని ఆ పుస్తకము వాని చేతికిచ్చిన యెడల సిగ్గు తీరును, పాఠమును వచ్చును. హిందీ అంకెల పేర్లను తెలుగుతో ప్రక్కప్రక్కన వ్రాసి, దినమునకు పది చొప్పున పలికించినను చాలును. సాయంకాలము తల్లి అడుగు ప్రశ్నను కూడ మార్చుకొనవచ్చును. "ఏమిరా, ఎన్ని మార్కులు?" అనుటకు బదులు "ఏ లెక్క దగ్గర ఆగినావు నాయనా?" అని అడిగినచో, చదువురాని తల్లియైనను బిడ్డకు గురువు కాగలదు. ఆగిన చోటును చూపునప్పుడు సగము చిక్కు వానికే విడిపోవును.

పరీక్ష దినమునకు ఒక చిన్న ఉపాయము కలదు. షికాగో విశ్వవిద్యాలయమునకు చెందిన రామిరెజ్, బైలాక్ అనువారు 2011లో ప్రకటించిన దానిని బట్టి, పరీక్షకు ముందు పది నిమిషములు తమ భయములను కాగితముపై వ్రాసిన విద్యార్థులలో బెదరువారు మునుపటికంటె మెరుగుగా వ్రాసిరి. పలకపై ఉన్నది కాగితముమీదికి దిగిపోవుననుకొనవచ్చును. కాగితమును ఎవరును చదువనక్కరలేదు.

నిర్బంధ పాఠ్యవిషయము ఎట్టివానినైనను కుంగదీయగలదనుటకు శ్రీనివాస రామానుజన్ చరిత్రయే సాక్ష్యము. ఆయన విషయములో గణితము అడ్డు కాలేదు, తక్కినవి అడ్డమాయెను. 1904లో కుంభకోణము ప్రభుత్వ కళాశాలలో విద్యార్థి వేతనముతో చేరిన ఆయన, గణితము తప్ప వేరొకటి పట్టించుకొనక, ఆంగ్లములో తప్పి, ఆ వేతనమును పోగొట్టుకొనెను. 1905 ఆగస్టులో పదునేడేండ్ల వయస్సున ఇంట చెప్పకుండ మన విశాఖపట్టణమునకు వెళ్లిపోయెను. బాలుడు తప్పిపోయిన వార్త మద్రాసు పత్రికకు ఎక్కెను. ఆయన తిరిగి ఇల్లు చేరెను, 1906లో మద్రాసు పచ్చయప్ప కళాశాలలో చేరెను, అక్కడను ఎఫ్.ఏ. పరీక్ష దాటలేకపోయెను. 1913లో హార్డీకి వ్రాసిన ఉత్తరము, 1914లో కేంబ్రిడ్జి ప్రయాణము, 1918లో రాయల్ సొసైటీ సభ్యత్వము అందరికి తెలిసినవే. తప్పిన ప్రతి బిడ్డయు రామానుజన్ కాగలడని ఈ కథతో చెప్పుట మాత్రము తగదు. అది బిడ్డ నెత్తిన మరియొక బరువు పెట్టుటయే. ఇందులో చూడదగినది ఆ 1905 నాటి ఇల్లు. పరారియైన కుమారునికి ఆ ఇంట చోటు దొరికెను, మరుసటి సంవత్సరము మరియొక కళాశాల మెట్టెక్కు వీలు కలిగెను.

అందరికి అట్లు జరుగుట లేదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియెట్ ఫలితములు వెలువడిన పిమ్మట ఇరువది మందికి పైగా విద్యార్థులు ప్రాణము తీసికొనిరి. ఆ ఫలితములలోనే తప్పులు దొర్లినవని తరువాత తేలినది. దేశమంతట 2022లో అట్లు మరణించిన విద్యార్థులు 13,044 మంది అని జాతీయ నేర నమోదు సంస్థ లెక్కించెను. గణితము మీది బెదురు వీటన్నిటికి కారణము కాదు. అయినను ఫలితముల దినమున ఇంటిలోని పెద్దలు ఎక్కడ ఉందురు, ఏమి పలుకుదురు అనునది ముందుగనే నిర్ణయించుకొనవలసిన పని.

త్రోవలు లేకపోలేదు. తప్పినవానికి మరల వ్రాయు అవకాశము ఉండును. దరఖాస్తు గడువు కొద్ది దినములే గనుక దుఃఖములో దానిని దాటనీయరాదు. కేంద్రీయ బోర్డు 2020 పరీక్షల నుండి పదవ తరగతి గణితమును ప్రామాణికము, ప్రాథమికము అని రెండు స్థాయిలలో నిర్వహించుచున్నది. 1989లో స్థాపింపబడిన జాతీయ సార్వత్రిక విద్యాలయములో గణితము లేకుండగనే పదవ తరగతి పూర్తి చేయవచ్చును. అయితే మున్ముందు ఏ చదువుకు, ఏ ఉద్యోగమునకు గణితము అడుగుదురో విచారించి గాని ఆ త్రోవ పట్టరాదు. బిడ్డ అన్నము మాని, నిద్ర మాని, మాటలాడుట మానినచో లెక్కల సంగతి పిమ్మట చూచుకొనవచ్చును. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ అను ప్రభుత్వ మానసికారోగ్య సహాయమును 14416 అను సంఖ్యకు ఫోను చేసి రేయింబవళ్లు ఉచితముగా పొందవచ్చును. తోంగ్‌పాల్ నుండి పిలుచువారు హిందీలో మాటలాడవచ్చును. తెలుగులో మాటలాడగోరువారికి తెలుగులోను పలుకుదురు.