నీటి కన్నా ముందు గాలికి దారి

చి॥ సాహితికి,

కంప్యూటర్‌కు వాటర్ కూలింగ్ పెట్టుకోవాలని నువ్వు గీసి పంపిన ప్లాను మూడు నాలుగు సార్లు తిరగేసి చూశాను. గీత శుభ్రంగా ఉంది. ట్యూబులు ఎక్కడ వంగాలో, రిజర్వాయర్ ఎక్కడ నిలబడాలో, ఏ ఫిట్టింగులు ఎన్ని కావాలో అన్నీ లెక్కపెట్టావు. కానీ గాలి ఆ కాగితం మీద ఎక్కడా లేదు. ఏ వైపు నుంచి లోపలికి వస్తుంది, ఎంత వస్తుంది, వేడెక్కాక ఎటు పోతుంది అన్నది నువ్వు గీయలేదు. కేసుకు రంపం తగలకముందే ఈ ఉత్తరం నీకు చేరాలని తొందరగా రాస్తున్నాను. ట్యూబు తప్పుగా వేస్తే ఇంకొకటి కొనుక్కోవచ్చు. రేకు తప్పుగా కోస్తే ఆ కేసు పోయినట్టే.

ముందు నీళ్లు అక్కడ చేసే పనేమిటో తేల్చుకుందాం. నీ రైజెన్ 9 7950ఎక్స్ ప్రాసెసర్ పూర్తి బరువు మోస్తున్నప్పుడు 230 వాట్ల దాకా తీసుకుంటుంది. ఆర్‌టీఎక్స్ 4080 కార్డు 320 వాట్లు. రెండూ కలిపి 550. ఇందులో దాదాపు ప్రతి వాటూ చివరికి వేడే అవుతుంది, అంటే 1000 వాట్ల ఇస్త్రీ పెట్టెను సగం సెగ మీద ఆ డబ్బాలో వదిలేసినట్టు. ఆ వేడిని నీళ్లు మాయం చేయవు. ఎక్కడో ఒకచోట గది గాలికి అప్పజెబుతాయి, అంతే. అయితే మోయడంలో నీటికి సాటి లేదు. ఒక లీటరు నీరు ఒక డిగ్రీ వేడెక్కి ఎంత వేడి మోస్తుందో, అంత మోయడానికి గాలి మూడున్నర ఘనపు మీటర్లకు పైగా కావాలి. అందుకే రూపాయి బిళ్లంత చోట పుట్టిన వేడిని సన్నటి ట్యూబులో పెట్టి కావలసిన చోటికి తీసుకుపోగలుగుతున్నాం. వాటర్ కూలింగ్ వల్ల మనకు దక్కేది ఆ చోటును ఎంచుకునే స్వేచ్ఛ. నువ్వు మాత్రం ఆ చోటును చివర ఆలోచిద్దామని వదిలేసి, మిగతాదంతా ముందు గీసేశావు.

ఇప్పుడు నీ ప్లానుకే లెక్క కడతాను. ముందు వైపు ఒక 360 మిల్లీమీటర్ల రేడియేటర్, దానికి మూడు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు, వాటి ముందు కేసుతో వచ్చిన అద్దం, ఆ అద్దానికి పక్కన వేలెడు సందు. మంచి ఫ్యాన్ పెట్టె మీద గంటకు 100 ఘనపు మీటర్ల గాలి అని రాసి ఉంటుంది. ఆ అంకె ఎదురుగా ఏ అడ్డూ లేనప్పటిది. రేడియేటర్ రెక్కలు, దుమ్ము ఆపే జాలీ అడ్డుపడి, చెవికి బాధ లేని వేగంలో తిరిగితే అందులో సగం వచ్చినా సంతోషించాలి. అంటే మూడింటికీ కలిపి 150 ఘనపు మీటర్లు. దాని మీద 550 వాట్లు పడితే గాలి పదకొండు, పన్నెండు డిగ్రీలు వేడెక్కి బయటికి వస్తుంది. అద్దం వల్ల ఆ గాలి కూడా సగమై 75 ఘనపు మీటర్లే వచ్చిందనుకో, అప్పుడు 23 డిగ్రీలు వేడెక్కాలి. మే నెలలో ఖమ్మంలో బయట 43, 44 డిగ్రీలుంటే శ్లాబు కింద ఉన్న నీ గది మధ్యాహ్నం 38 ఉంటుందనుకుందాం. 38కి 23 కలిపితే 61. రేడియేటర్‌లోంచి వచ్చే గాలి అందులోని నీటి కన్నా వేడిగా ఉండలేదు కాబట్టి నీ నీళ్లు 61 డిగ్రీలు దాటి తీరాలి. పంపు ఎంత గొప్పదైనా, రేడియేటర్ ఎంత ఖరీదైనదైనా ఈ లెక్క మారదు. అద్దం పక్కనున్న సందే నీళ్లు తిరిగే నీ లూప్ మొత్తాన్నీ శాసిస్తుంది.

61 అయితే ఏమైందని అడగొచ్చు. ప్రాసెసర్ 95 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది కదా అంటావు. నిజమే, నీళ్లు చల్లగా ఉండి తీరాలన్న భయం అక్కర్లేదు. 2010లో ఐబీఎం, జూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయం కలిసి కట్టిన అక్వాసార్ అనే యంత్రం 60 డిగ్రీల నీటితోనే ప్రాసెసర్లను 85 దాటకుండా నడిపింది. 2012లో జర్మనీలో మ్యూనిక్ దగ్గర మొదలైన సూపర్‌మక్ కూడా వేడినీటితో చల్లబడిన సూపర్ కంప్యూటరే. కాని వాళ్ల గొట్టాలు, పంపులు ఆ వేడికి తగ్గట్టు కట్టినవి. నువ్వు ఎంచుకున్న డీ5 పంపుకు నీటి వేడి 60 డిగ్రీలే హద్దు. పెట్‌జీ ప్లాస్టిక్ ట్యూబు కూడా ఆ దరిదాపుల్లో మెత్తబడటం మొదలుపెడుతుంది, ఫిట్టింగు దగ్గర పట్టు సడలుతుంది. చిప్పు కన్నా ముందు ట్యూబు ఓడిపోతుంది, అదీ ఖరీదైన కార్డు మీదుగా పోయే ట్యూబు. కాబట్టి మే నెల మధ్యాహ్నం కూడా నీళ్లు 50 దగ్గర ఆగేలా చూసుకోవాలి. 38 గదిలో 50 అంటే నీటికీ గాలికీ మధ్య నీకున్న తేడా 12 డిగ్రీలే.

ఇక్కడే నువ్వు చదివిన సలహాలు నిన్ను పక్కదారి పట్టించాయి. ఫ్యాన్లు మధ్యస్థంగా తిరుగుతుంటే, నీటికీ గాలికీ 10 డిగ్రీల తేడా ఉన్నప్పుడు, ఒక్కో 120 రేడియేటర్ భాగం సుమారు 100 వాట్లు వదిలించుకుంటుందని ఈ పనివాళ్లు వాడే మోటు లెక్క ఒకటుంది. దాని ప్రకారం ఒక్క 360 మీద 550 వాట్లు పెడితే తేడా 18 డిగ్రీలు. ఇరవై రెండు డిగ్రీల గదిలో కూర్చుని రాసిన జర్మనీవాడికో అమెరికావాడికో నీళ్లు 40 దగ్గర ఉంటాయి, హాయిగా నడుస్తుంది. వాళ్లు చెప్పింది వాళ్ల గదికి అబద్ధం కాదు. అదే లూప్ నీ గదిలో, అద్దం తీసేశాక కూడా, 56 దగ్గర నిలబడుతుంది. రెండు 360లు పెట్టి రెండింటికీ బయటి గాలి అందిస్తే తేడా తొమ్మిదికి దిగుతుంది, నీళ్లు 47. దానికి తోడు ఎండాకాలం ప్రాసెసర్‌ను 105 వాట్ల ఎకో మోడ్‌లో పెట్టు. అప్పుడది 142 వాట్ల దగ్గర ఆగుతుంది. ఖర్చు లేకుండా 88 వాట్లు తగ్గుతాయి, నీ పని వేగంలో పోయేది కొద్దిగానే.

రేడియేటర్ పెంచే బదులు పెద్ద రిజర్వాయర్ పెడితే చాలదా అని ప్లాను పక్కన రాశావు. చాలదు. లీటరు నీటిని 550 వాట్లు నిమిషానికి దాదాపు ఎనిమిది డిగ్రీలు వేడెక్కిస్తాయి. ఇంకో లీటరు కలిపితే వేడెక్కడం కొన్ని నిమిషాలు వాయిదా పడుతుందే తప్ప చివరికి చేరే అంకె అదే. అర లీటరు పట్టేది, గాలి బుడగలు తేలడానికి, నీళ్లు పోసుకోవడానికి వీలుండేది ఒకటి చాలు. మిగిలిన చోటు నాకు గాలికి కావాలి. ఇంకా పెద్ద పంపు సంగతీ అంతే. నిమిషానికి మూడు లీటర్లు పారితే 550 వాట్లకు లూప్‌లో అన్నిటికన్నా వేడి చోటికీ చల్లని చోటికీ తేడా మూడు డిగ్రీలు కూడా రాదు. పారుదల రెండింతలు చేసినా నువ్వు గెలుచుకునేది ఒక డిగ్రీకి కాస్త పైన. ముందు ప్రాసెసరా, ముందు కార్డా అని నువ్వు రెండు బొమ్మలు గీసి తంటాలు పడిన ప్రశ్నకూ ఇదే జవాబు. ఏది దగ్గరైతే దానికి ట్యూబు వెయ్యి. రిజర్వాయర్ నుంచి నీళ్లు నేరుగా పంపులోకి దిగాలి, పంపు ఎప్పుడూ ఎండిపోయి తిరగకూడదు. వరుసలో పట్టుబట్టాల్సింది అది ఒక్కటే.

ఏసీ వేసుకుంటానంటావేమో. వేసుకో, నీకూ మంచిదే. ఒక టన్ను ఏసీ సామర్థ్యం దాదాపు 3500 వాట్లు, అందులో ఆరో వంతు నీ కంప్యూటరే తినేస్తుందని మాత్రం గుర్తుపెట్టుకో. ఏసీ చెడిపోయిన రోజు, వోల్టేజీ చాలని రోజు, నువ్వు పెద్ద రెండరింగ్ పెట్టి బయటికి వెళుతూ అలవాటుగా ఏసీ కట్టేసిన రోజు కూడా ఈ లూప్ బతకాలి. ఎడారి కూలర్‌ను మాత్రం కంప్యూటర్ వైపు తిప్పకు. ఆ తడిగాలితో వచ్చే దుమ్ము రెక్కల మధ్య బురదలా పేరుకుంటుంది, ఊదినా పోదు. ట్యూబుల మీద చెమ్మ పడుతుందేమోనన్న భయం మాత్రం వదిలెయ్యి. గాలితో చల్లబడే నీళ్లు గది గాలి కన్నా చల్లబడలేవు, కాబట్టి మంచు నీళ్ల గ్లాసు మీద పట్టినట్టు ఇక్కడ పట్టదు.

ఇంత కష్టం దేనికి, పెద్ద ఎయిర్ కూలర్ ఒకటి బిగించుకుంటే పోదా అని మీ నాన్న అడిగాడట. న్యాయమైన ప్రశ్న. ప్రాసెసర్ ఒక్కటే అయితే నేనూ అదే చెప్పేవాణ్ణి. కాని ఎయిర్ కూలర్ వేడిని కేసు లోపలే వదులుతుంది, 4080 కార్డు కూడా లోపలే వదులుతుంది, ఒకరు వదిలింది ఇంకొకరు పీల్చుకుంటారు. 38 డిగ్రీల గదిలో కేసు లోపలి గాలి ఇట్టే 50 దాటుతుంది. నీళ్లయితే ఆ వేడిని కేసు గోడ దాటించగలవు. ఆ దాటించడం జరిగితేనే ఈ ఖర్చుకు అర్థం ఉంది. ఒక రేడియేటర్ వేడిగాలిని లోపలికి ఊది, రెండోది అదే గాలిని పీల్చుకునేటట్టు పెడితే మీ నాన్న మాటే నెగ్గుతుంది.

కాబట్టి కేసులో నేను చేయమనే మార్పులు రెండు. ముందు అద్దం తీసేసి, దాని చోట చిల్లుల రేకు బిగించు. చిల్లుల వాటా సగానికి మించి ఉండాలి. దాని వెనక, ఫ్యాన్ల ఎదురుగా కేసుకున్న అచ్చు జాలీని కూడా కోసెయ్, గుండ్రంగా మూడు కాదు, పొడవుగా ఒకే కిటికీలా. రెండో 360ని పైకప్పు లోపల ఇరికించకు. మెమరీ కర్రలకూ దానికీ చోటు చాలదు. 30 మిల్లీమీటర్ల రేడియేటర్, 25 ఫ్యాన్ కలిపితే 55 అవుతుంది, నీ కేసులో అంత ఖాళీ లేదు. దాన్ని కప్పు బయట, 40 మిల్లీమీటర్ల స్తంభాల మీద నిలబెట్టు. పక్కల నుంచి తాజా గాలి రేడియేటర్ కిందికి వస్తుంది, ఫ్యాన్లు పైన ఉండి లాగి గదిలోకి వదులుతాయి, కేసు లోపలి గాలితో దానికి సంబంధమే ఉండదు. కప్పుకు ట్యూబుల కోసం రెండు రంధ్రాలు, వాటి అంచుకు రబ్బరు గ్రోమెట్లు, బరువు ఆనడానికి కింద ఒక ఇనుప పట్టీ, అంతే. అంత ఎత్తుకు పంపు నీళ్లు ఎక్కించగలదా అన్న సందేహం వద్దు. డీ5 దాదాపు నాలుగు మీటర్లు ఎక్కించగలదు. లూప్ నిండాక ఎక్కే నీటిని దిగే నీరు లాగుతుంది కనుక పంపుకు మిగిలేది ట్యూబుల, చిప్పుల మీది వాటర్ బ్లాకుల ఒరిపిడే. కాకపోతే పై రేడియేటర్‌లో గాలి చిక్కుకుంటుంది. నింపేటప్పుడు కేసును నాలుగు వైపులా వంచి బుడగలు వదిలించాలి.

అందం తగ్గుతుందని నీకు బాధగా ఉంటుందని తెలుసు. ఆ గాజులాంటి ట్యూబుల వంపులు ఎంతో ఇష్టంగా గీశావు. పెట్‌జీ బదులు యాక్రిలిక్ అయితే వేడికి ఎక్కువ ఓర్చుకుంటుంది, కేసు లోపల దాన్ని వాడుకో. కప్పు దాటే రెండు ట్యూబులు మాత్రం ఈపీడీఎం రబ్బరువే కావాలి. దుమ్ము దులపడానికి పై రేడియేటర్‌ను నెలకోసారి కదిలిస్తావు, గట్టి ట్యూబు ఆ కదలికకు తట్టుకోదు.

కోసేముందు అట్టముక్క మీద కొలతలు వెయ్. 120 ఫ్యాన్ మరల మధ్య దూరం 105 మిల్లీమీటర్లు. 360 రేడియేటర్ చివరి తొట్లతో కలిపి 400 దాకా వస్తుంది, అమ్మే పేరు చూసి మోసపోకు. మదర్‌బోర్డు, పవర్ సప్లై అన్నీ తీసేశాకే గ్రైండర్ పట్టు. ఒక్క ఇనుప రజను బోర్డు మీద మిగిలినా ప్రమాదమే. రక్షణ కళ్లద్దాలు లేకుండా ముట్టుకోకు. అన్నిటికన్నా ముఖ్యంగా మరల పొడవు చూసుకో. ఫ్యాన్‌ను దాటి ఐదు మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ లోపలికి పోయే మర రేడియేటర్ గొట్టాన్ని పొడిచేయగలదు.

నీళ్ల విషయం క్లుప్తంగా చెబుతాను. బోరు నీళ్లు కాదు, ఇంట్లో ప్యూరిఫయర్ నీళ్లూ కాదు. డిస్టిల్డ్ వాటర్‌లో తుప్పునూ నాచునూ ఆపే మందు కలిపినది కావాలి. రాగి, ఇత్తడి, నికెల్ పూత కలవొచ్చు, అల్యూమినియం భాగం ఒక్కటి కూడా లూప్‌లో ఉండకూడదు. ఉంటే రాగి పక్కన అదే తినుకుపోతుంది. స్వచ్ఛమైన నీరు కరెంటు పారనివ్వదని ధైర్యపడకు, నాలుగు రోజులు లోహాల మధ్య తిరిగాక పారనిస్తుంది. నీళ్లు పోసేముందు గేజు ఉన్న చేతి పంపుతో అర బార్ గాలి ఎక్కించి అరగంట చూడు, ముల్లు కదలకూడదు. తర్వాత పంపుకు ఒక్కదానికే కరెంటిచ్చి, ఫిట్టింగుల కింద టిష్యూ కాగితాలు పరిచి, ఒక రోజంతా నడిపించు. నీటిలో ఒక ఉష్ణోగ్రత సెన్సర్ పెట్టి ఫ్యాన్ల వేగాన్ని దానికి ముడిపెట్టు, ప్రాసెసర్ వేడికి కాదు.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది ఒకటుంది. మూడు రోజులు వరసగా మధ్యాహ్నం మూడింటికి, తలుపు వేసి, ఏసీ కట్టేసి, నీ బల్ల దగ్గర గది ఉష్ణోగ్రత ఎంతుందో రాసి పంపు. నేను 38 అనుకుని లెక్క కట్టాను. 36 అయితే ముందు వైపు రేడియేటర్ 30 మిల్లీమీటర్ల మందం చాలు. 40 అయితే 45 మిల్లీమీటర్లది కొనాలి, కిటికీ కోత కొలత కూడా మారుతుంది. ఆ అంకె వచ్చేదాకా గ్రైండర్ తీయకు.

ఆశీస్సులతో,
మావయ్య