తలుపు తట్టేవారెవరు?



కృష్ణానగర్ వీధులు తెల్లవారక ముందే మేలుకొంటాయి. షూటింగులకు వెళ్ళే జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్లు, మేకప్ సహాయకులు టీ కొట్ల దగ్గర గుమిగూడతారు. వ్యాన్లు వస్తాయి, పేర్లు పిలుస్తారు, అందరూ వెళ్ళిపోతారు. ఆ సందడి సద్దుమణిగాక అరుగుల మీద కొందరు వృద్ధులు మిగిలిపోతారు. ఒకప్పుడు వారి పేర్లు కూడా పిలిచేవారు. ఈ వారం పాఠం వారిని గురించే.

ముందుగా నా తప్పు ఒప్పుకోవాలి. ప్రతి ఆదివారం దివ్యబలిపూజలో మూడవ బెంచీలో కూర్చునే ఒక పెద్దావిడ వరుసగా మూడు వారాలు కనిపించలేదు. కూతురింటికి వెళ్ళి ఉంటారులే అనుకున్నాను. నాలుగో వారం వెళ్ళి చూస్తే ఇంట్లోనే ఉన్నారు. మోకాళ్ళ నొప్పితో రెండో అంతస్తు మెట్లు దిగలేకపోయారు. "ఒంట్లో ఎలా ఉందమ్మా?" అని అడిగాను. "నొప్పి అలవాటైంది ఫాదర్‌గారూ. ఈ ఇరవై రోజుల్లో నాతో మాట్లాడింది పాలబ్బాయి ఒక్కడే" అన్నారు. ఎన్నో ప్రసంగాలు చెప్పిన నాకు ఆవిడ ఒక్క మాటలో ప్రసంగం చెప్పారు.

ఏకాంతం వేరు, ఒంటరితనం వేరు

ఏకాంతాన్ని మనిషి కోరుకుంటాడు. యేసు ప్రభువు ప్రార్థనకు కొండమీదికి ఒంటరిగా వెళ్ళేవారు. ఒంటరితనం అలాంటిది కాదు, అది కోరకుండానే వచ్చి మీద పడుతుంది. ఎన్ని సంపదలు ఉన్నా స్నేహితులు లేకుండా బ్రతకడానికి ఎవరూ ఇష్టపడరని అరిస్టాటిల్ తన నీతిశాస్త్రంలో చెప్పాడు. గాబ్రియేల్ మార్సెల్ అనే కతోలిక తత్వవేత్త మరో సంగతి గమనించాడు: ఒకే గదిలో ఉన్న మనిషి కూడా మనకు దూరంగా ఉండవచ్చు. కొడుకు, కోడలు, మనవలతో నిండిన ఇంట్లోనూ తాతగారు ఒంటరిగా ఉండటానికి కారణం ఇదే.

2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక నివేదిక ఇచ్చింది. లోకంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. దీనితో ముడిపడిన మరణాలు ఏటా 8,71,000కు పైగా ఉంటాయని అంచనా. గుండె జబ్బు, పక్షవాతం, మతిమరుపు ముప్పు కూడా దీనివల్ల పెరుగుతుంది. కనుక "ముసలితనంలో ఇది మామూలే" అని కొట్టిపారేయరాదు.

మన వీధుల్లో ఎందుకు ఎక్కువ?

తెలుగు సినిమా మద్రాసు నుండి క్రమంగా హైదరాబాదుకు తరలివచ్చింది. 1970లలో అన్నపూర్ణ స్టూడియో, 1980లలో రామానాయుడు స్టూడియో ఈ ప్రాంతంలో వెలిశాయి. వాటి చుట్టూ పని వెతుక్కుంటూ వచ్చినవారు కృష్ణానగర్‌లో అద్దె గదులు తీసుకున్నారు. సొంత ఊరితో రాకపోకలు తగ్గాయి. స్నేహాలన్నీ సెట్లోనే, భోజనాల బంతిలోనే. రోజు కూలి పని కనుక పిలుపు ఆగిన నాడు కూలితోబాటు పలకరింపు కూడా ఆగిపోతుంది. ఇల్లు మారితే ఇరుగుపొరుగు కూడా మారిపోతారు.

మరొక వింత చూడండి. అదే మేడమీద పక్క గదిలో అవకాశం కోసం పల్లె విడిచి వచ్చిన కుర్రవాడు ఉంటాడు. అతనికీ ఎవరూ లేరు. ఇద్దరు ఒంటరి మనుషుల మధ్య ఉన్నది ఒక్క గోడ.

ఒక్క మంచంతో మొదలు

1839 చలికాలంలో ఫ్రాన్సులోని సెయింట్ సెర్వాన్ అనే ఊళ్ళో జాన్ జుగాన్ అనే పేదరాలు చూపులేని ఒక వృద్ధురాలిని తన ఇంటికి తెచ్చుకొని, తన మంచం ఆమెకిచ్చింది. వృద్ధులను సేవించే లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ద పూర్ సభకు అదే ఆరంభం. ఆ సిస్టర్ల వృద్ధాశ్రమం మన సికింద్రాబాదులోనూ ఉంది. ఆ జుగానమ్మనే తరువాత పెద్దరికం నుండి తప్పించి పక్కన కూర్చోబెట్టారు. ఇరవై ఏళ్ళకు పైగా, 1879లో మరణించేవరకు, స్థాపకురాలన్న గుర్తింపు లేకుండా కొత్తగా చేరిన కన్యకల మధ్య జీవించింది. ఆ కన్యకలు ఆమెను చూసి సేవ నేర్చుకున్నారు. 2009లో శ్రీసభ ఆమెను పునీతురాలిగా ప్రకటించింది.

లూకా సువార్తలో ఎనుబది నాలుగేళ్ళ విధవరాలు అన్నమ్మను చూడండి. బాలయేసును గురించి దేవాలయంలో అందరికీ చెప్పింది ఆమె. ముసలివారికి చేయూత కావాలి, నిజమే. దానితోపాటు చేయదగిన పని కూడా కావాలి.

మనం చేయదగినవి

1. వారంలో ఒక రోజు, ఒక వేళ నిర్ణయించుకొని ఒక పెద్దవారిని పలకరించండి. ఎప్పుడో వచ్చే పండ్ల బుట్టకన్నా చెప్పిన వేళకు వచ్చే మనిషి మేలు.

2. చెవి, కన్ను పరీక్ష చేయించండి. మాట వినబడకనే చాలామంది మాటలు మానుకుంటారు.

3. వారిని సహాయం అడగండి. పిల్లలకు జపం నేర్పడం, కుట్టుపని చూపడం, పాత సంగతులు చెప్పడం వారికి వచ్చు.

4. పెద్దలారా, మీరూ ఒక అడుగు వేయండి. అబ్బాయి ఫోను కోసం ఎదురుచూడక, మీరే చేయండి. పక్క గది కుర్రవాణ్ణి "తిన్నావా నాయనా?" అని అడగండి.

5. ఇబ్బంది ఎక్కువైతే వృద్ధుల సహాయ ఫోను 14567కు ఉదయం 8 నుండి రాత్రి 8 వరకు ఉచితంగా చేయవచ్చు. నిర్లక్ష్యం చేసే బిడ్డల నుండి పోషణ కోరే హక్కును 2007 నాటి చట్టం ఇచ్చింది. అయితే చట్టం ఇప్పించగలిగేది డబ్బు. పలకరింపు మనమే ఇవ్వాలి.

2021లో ఫ్రాన్సిస్ పోపుగారు జూలై నాలుగో ఆదివారాన్ని తాతయ్యలు, అమ్మమ్మలు, వృద్ధుల దినంగా నియమించారు. మనం అప్పటిదాకా ఆగనక్కరలేదు.

ఆ పెద్దావిడ మేడ మెట్లు తగ్గలేదు, మోకాళ్ళ నొప్పీ తగ్గలేదు. కానీ ఎదురు గదిలో ఉండే ఇద్దరు కుర్రవాళ్ళు ఇప్పుడు ఆదివారం ఆవిడను చేయి పట్టి దింపుతున్నారు. ఆవిడ వారికి పప్పుచారు పోసి పంపుతారు. ఎవరు ఎవరికి సేవ చేస్తున్నారో నేను చెప్పలేను.

కుటుంబంలో ఆలోచించండి: గత నెలలో మన గుడిలో కనిపించని పెద్దవారెవరు? ఈ ఆదివారంలోగా వారి తలుపు తట్టేది మనలో ఎవరు?