లెక్కలో కనబడని నమ్మకాలు

కళాశాల ఎదుట టిఫిన్ బండి పెట్టదలచిన వ్యక్తి ఇలా లెక్క వేసుకొంటాడు: రోజుకు 100 ప్లేట్లు, ప్లేటుకు 10 రూపాయల మిగులు, నెలకు 30,000. గుణకారంలో తప్పు లేదు. అయితే కళాశాల 30 రోజులూ తెరచి ఉంటుందనీ, గిరాకీ తగ్గదనీ, అక్కడ స్థలం దక్కుతుందనీ ఆ లెక్క ముందే నమ్మింది. 25 రోజులు, రోజుకు 60 ప్లేట్లు అయితే మిగిలేది 15,000 మాత్రమే. వేసవి సెలవుల్లో అదీ ఉండదు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం విక్రయ ధ్రువపత్రం అవసరం. నిషేధిత ప్రాంతంలో అమ్మకం చెల్లదు.

కనుక అప్పు చేయక మునుపే ప్రతి నమ్మకాన్నీ కాగితంపై రాసి, ‘ఇది ఎలా తెలిసింది? నిజం కాకపోతే వాయిదా ఎలా కట్టాలి?’ అని ప్రశ్నించుకోవాలి. వారం రోజులు ఆ గేటు వద్ద నిలబడి తినేవారిని లెక్కించడానికి పెట్టుబడి అక్కరలేదు.