గడ్డకట్టిన సముద్రం మీద గాలిని ఎలా చదువుతారు?

మా ఇంట్లో అమ్మది తెలుగు, నాన్నది తమిళం. డిసెంబరులో హోసూరులో పొద్దున్నే వాకిట్లోకి వెళ్తే చాలు, లోపల్నుంచి పాట్టి "పని పెయ్యుదు" అని కేకేసి తలకు స్కార్ఫ్ కట్టిస్తుంది. ఊరి నుంచి వచ్చిన మా పిన్ని కూతురు మొదటిసారి అది విని "ఏం పని అక్కా?" అని అడిగింది. తమిళంలో పని అంటే మంచు. మన మంచులాగే ఆ మాట మీద కూడా బరువు ఎక్కువే. గడ్డి మీది నీటిబొట్టు మంచే, రోడ్డు కనిపించకుండా కమ్మేదీ మంచే, సిమ్లాలో రాలేదీ మంచే, ఫ్రీజరులో గడ్డకట్టేదీ మంచే.

ఈసారి గోడ పత్రికకు ఒక సైన్సు వ్యాసం కావాలని మేడమ్ అన్నారు. ఉత్తర ధ్రువ సముద్రం మీద వాతావరణాన్ని ఎలా పరిశీలిస్తారో రాద్దామని కూర్చుని, మొదటి పేరాలోనే ఇరుక్కుపోయాను. ఈ ఒక్క మాటతో ఆ పాఠం చెప్పలేం. కాబట్టి ఇక్కడ సముద్రపు నీరు గడ్డకడితే ఐసుగడ్డ అంటాను, పైనుంచి పొడిగా రాలేదాన్ని పొడిమంచు అంటాను. ఈ తేడా ఎందుకంత ముఖ్యమో చివర్లో వస్తుంది.

ఉత్తర ధ్రువం దగ్గర నేల లేదు. ఉన్నది సముద్రం, దాని మీద ఒకటి రెండు మీటర్ల మందాన తేలే ఐసుగడ్డ. అది కదులుతూ ఉంటుంది, పగులుతుంది, ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతుంది. అక్కడ గది కట్టి థర్మామీటరు పెడదామంటే కుదరదు, గది కూడా ఐసుతోపాటు ఊరేగుతుంది. అలా ఊరేగడాన్నే పద్ధతిగా మార్చినవాడు నార్వే దేశస్థుడు నాన్సెన్. 1881లో సైబీరియా వైపు ఐసులో నలిగి మునిగిపోయిన జీనెట్ అనే ఓడ సామాన్లు, మూడేళ్ళ తర్వాత గ్రీన్‌లాండ్ తీరంలో దొరికాయి. సామాను వెళ్ళగలిగితే ఓడ ఎందుకు వెళ్ళలేదు అనుకున్నాడాయన. 1893లో ఫ్రామ్ అనే ఓడను కావాలనే ఐసులో ఇరికించాడు. అది 1896లో అవతల బయటపడింది. ఆ మూడేళ్ళూ ఓడలో వాళ్ళు గాలినీ చలినీ కొలుస్తూనే ఉన్నారు. గాలి ఎటు వీస్తే ఐసు సరిగ్గా అటే పోవడం లేదనీ, 20 నుంచి 40 డిగ్రీలు కుడికి జరుగుతోందనీ నాన్సెన్ గమనించాడు. భూమి తిరగడం వల్ల అలా జరుగుతుందని ఆ తర్వాత ఎక్‌మాన్ లెక్కకట్టి చూపించాడు.

1937లో రష్యావాళ్ళు ఓడ కూడా లేకుండా విమానంలో దిగారు. నలుగురు మనుషులు, ఒక కుక్క, 274 రోజులు. కుక్క పేరు వెస్యోలీ, అంటే సంతోషం గలది. (నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా నచ్చింది ఆ కుక్కే.)

ఇప్పుడు అసలు సంగతి. శీతకాలంలో అక్కడ నెలల తరబడి సూర్యుడు రాడు. ఐసుగడ్డ కింద సముద్రపు నీరు మైనస్ 1.8 డిగ్రీలు, పైన గాలి మైనస్ 30. మధ్యలో ఉన్న ఐసు, దాని మీది పొడిమంచు తమ వేడిని కంటికి కనిపించని కిరణాలుగా ఆకాశంలోకి పంపేస్తుంటాయి. మనకూ ఇది తెలుసు. డిసెంబరులో చుక్కలు బాగా కనిపించే రాత్రి చలి ఎక్కువ, మబ్బు పట్టిన రాత్రి కొంచెం నయం. అక్కడ జరిగేదీ అదే, కాకపోతే పొద్దు పొడవదు.

దీనివల్ల ఒక తలకిందుల పరిస్థితి వస్తుంది. మనం కొండ ఎక్కేకొద్దీ చల్లగా ఉంటుంది కదా. అక్కడ శీతకాలంలో ఐసు మీద కంటే కొన్ని వందల మీటర్ల పైన గాలి వెచ్చగా ఉంటుంది. చల్లటి బరువైన గాలి, బియ్యం కడిగిన నీళ్ళలో తెల్లటి మడ్డిలాగా అడుగున పేరుకుంటుంది. పైగాలితో తొందరగా కలవదు.

1997 అక్టోబరు నుంచి ఏడాది పాటు షీబా అనే పరిశోధన కోసం కెనడా ఓడ ఒకటి ఇలాగే ఐసులో ఉండిపోయింది. శీతకాలంలో అక్కడి ఆకాశం ఎక్కువగా రెండే తీర్లుగా ఉంటుందని అప్పుడు బాగా తెలిసింది. నిర్మలంగా ఉంటే ఒక్కో చదరపు మీటరు ఐసు సుమారు 40 వాట్ల లెక్కన వేడి పోగొట్టుకుంటుంది. నీటిబొట్లున్న మబ్బు కమ్మితే ఆ నష్టం దాదాపు సున్నా. మనకు మబ్బు అంటే నీడ. అక్కడ ఏడాదిలో ఎక్కువ కాలం మబ్బు దుప్పటి. నడి వేసవిలో కొన్ని వారాలు మాత్రమే గొడుగు.

ఇంకో వింత. మైనస్ 20లో కూడా ఆ మబ్బుల్లో నీరు గడ్డకట్టకుండా బొట్లుగానే ఉండగలదు. గడ్డకట్టాలంటే పట్టుకోవడానికి ఏదో ఒక రేణువు కావాలి. బొట్లుంటే దుప్పటి మందం, గడ్డకట్టి రాలిపోతే దుప్పటి పలచన. ఆ రేణువులు ఎక్కడివో వెతికినవాళ్ళలో జెస్సీ క్రీమియన్ అనే అమెరికా శాస్త్రవేత్త ఒకరు. గాలిని ఫిల్టర్ల గుండా లాగి, ఏడాది పొడవునా లెక్క చూశారు. వేసవిలో చాలా రేణువులు చుట్టుపక్కల సముద్రంలోని జీవుల నుంచే వస్తున్నాయని తేలింది. అంటే నీళ్ళలో ఉండే కంటికి కనిపించని ప్రాణులు పైన మబ్బు తీరును మారుస్తున్నాయి. నేను ఇది రెండుసార్లు చదివాను.

ఆ ఏడాది పని జరిగింది మోజాయిక్ యాత్రలో. పోలార్‌స్టెర్న్ అనే జర్మన్ ఓడ 2019 సెప్టెంబరు 20న నార్వేలోని ట్రోమ్సో నుంచి బయలుదేరి, అక్టోబరు 4న ఒక పెద్ద ఐసు పలకకు లంగరేసుకుంది. ఐసు మీద గుడారాలూ కేబుళ్ళూ వేసి, వాతావరణ పరికరాలున్న చోటుకు మెట్ సిటీ అని పేరు పెట్టారు. ఆరు గంటలకొకసారి హీలియం బెలూన్ వదులుతారు. అది ముప్ఫై కిలోమీటర్ల దాకా వెళ్తూ వేడి, తేమ, గాలి వేగం రేడియోలో చెబుతుంది. స్తంభం మీద ఉన్న పరికరం శబ్దాన్ని ఒక మొన నుంచి ఇంకో మొనకు పంపి, గాలి కుదుపును సెకనుకు పది ఇరవైసార్లు కొలుస్తుంది. ఆకాశపు వేడిని కొలిచే పరికరాల బుడగల మీద మాత్రం నూగులా మంచు పడుతుంది. అలా వదిలేస్తే ఆకాశం లెక్క కాదు, ఆ నూగు లెక్క వస్తుంది. అందుకని చీకట్లో, తలకు లైటు కట్టుకుని, చేత్తో తుడవాలి. పక్కన ఒకరు తుపాకీతో ఎలుగుబంటి కోసం కాపలా.

ఐసు పగిలినప్పుడు కేబుళ్ళు తెగేవి. కానీ ఆ పగుళ్ళూ పాఠమే. మైనస్ 30 గాలికి నీళ్ళు తగలగానే అన్నం గిన్నె మూత తీసినట్టు ఆవిరి లేస్తుంది. పగుళ్ళ వైశాల్యం చాలా తక్కువ, వాటి గుండా పోయే వేడి మాత్రం చాలా ఎక్కువ. 2020లో కరోనా వల్ల విమానాలు ఆగిపోయి, మనుషుల్ని మార్చుకోవడానికి ఓడ కొన్ని వారాలు ఐసును వదిలి రావలసి వచ్చింది. జూలై చివర్లో ఆ పలక ముక్కలైపోయింది.

ఇక మొదట చెప్పిన మాట దగ్గరికి వస్తాను. కొలతలు లేని చోట్ల గతంలో వాతావరణం ఎలా ఉందో, ఉన్న కొలతల్ని లెక్కలతో కలిపి కంప్యూటర్లు తయారు చేస్తాయి. ధ్రువం ఎంత వేడెక్కిందో తేల్చడానికి ఆ పట్టికల్నే వాడతారు. 1979 నుంచి ఆర్కిటిక్ ప్రపంచ సగటు కంటే దాదాపు నాలుగు రెట్ల వేగంతో వేడెక్కింది కాబట్టి, వాటిలో తప్పుంటే చిన్న విషయం కాదు. 2019లో నార్వే పరిశోధకులు ఇద్దరు ఒక తప్పు చూపించారు. నిర్మలమైన శీతకాలపు రోజుల్లో ఐసు పైభాగాన్ని ఈ పట్టికలు అసలు కంటే 5 నుంచి 10 డిగ్రీలు వెచ్చగా చూపిస్తున్నాయి. కారణం, ఆ లెక్కల్లో ఐసుగడ్డ ఉంది, దాని మీది పొడిమంచు లేదు. పొడిమంచు దూదిలాంటిది, సముద్రపు వేడిని పైకి రానివ్వదు. దాన్ని వదిలేస్తే కింది వేడి సులువుగా పైకి వచ్చేసినట్టు లెక్క తేలుతుంది.

రెంటినీ ఒకే మంచుగా చూసింది మన భాష ఒక్కటే కాదన్నమాట.

పొడిమంచు అనే మాట మేడమ్‌కు అంతగా నచ్చలేదు. హిమం అనొచ్చు కదా అన్నారు. కానీ హిమంలోనూ రెండూ కలిసిపోతున్నాయి. మీ ఇళ్ళల్లో, మీ అవ్వల నోట ఇంకేదైనా మాట ఉంటే ఈ కాగితం కింద ఖాళీ వదిలాను, పెన్సిల్ కట్టి ఉంది, రాయండి.